బండి మోత వినటానికి దివిసీమ దాకా

మొన్న మాఘమాసంలో మూడు రోజులు మా మరిది వెనకాల మోటారు సైకిలెక్కి గుడివాడ, దివిసీమ తిరిగొచ్చాను. ఏం చూశావని అందరూ అడుగుతున్నారు. ఒక బండి చేసే మోత వినటానికి వెళ్ళానంటే నవ్వుతున్నారు. నవ్వండి, కాకపోతే మొత్తం విన్నాక నవ్వండి. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్తుంటే పక్కింటి టీచరమ్మ రాసింది.

బయలుదేరక ముందు

మా ఊరు బందరుకి దగ్గరే, ఉప్పుకాలవ పక్కన. ఇరవై ఏళ్ళుగా రొయ్యల చెరువుల మీదే మా బతుకు. మొదట పక్కవాళ్ళ చెరువులకి కాపలా, తర్వాత కౌలు, ఆ తర్వాత సొంతానివి నాలుగు. చెరువుల్లో ఏరియేటర్లు ఉంటాయి, అంటే నీళ్ళని చిలికి గాలి కలిపే చక్రాలు. అవి ఆగితే రొయ్య ఊపిరాడక పైకి తేలుతుంది, పంట పోతుంది. ప్రతి చక్రానికీ ఒక మోటారు, ఒక గేరు పెట్టె. ఆ పెట్టె చెడిపోయే ముందు మోత మారుస్తుంది. వెదురు కర్ర ఒక కొస పెట్టెకి ఆనించి రెండో కొస చెవి దగ్గర పెట్టుకుంటే లోపల గేరు పన్ను అరిగిందో బేరింగు పోయిందో తెలిసిపోతుంది. ఆ పని నాకు మా ఆయన సాంబయ్యే నేర్పాడు. రెండేళ్ళు తిరిగేసరికి ఆయన కంటే నేనే బాగా పట్టేదాన్ని. ఆ చక్రాల మోత మీద ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అరిచి అరిచి నా గొంతు ఇట్టా బొంగురుపోయింది.

రెండేళ్ళ కిందట ఆయన పెద్ద బండి కొన్నాడు. కొండలూ గుట్టలూ ఎక్కే బండంట. మా చుట్టుపక్కల ఎత్తంటే చెరువు గట్టే. యాభై ఏడేళ్ళ మనిషి, నాకు ఒక్క మాట చెప్పకుండా బెజవాడ వెళ్ళి దాని మీద ఇంటికొచ్చాడు. ఆ రోజు నేను అన్నం పెట్టాను కానీ మాట్లాడలేదు.

నెల తిరగకుండానే మొదలెట్టాడు. పొద్దున స్టార్ట్ చేస్తే కటకట అంటోందన్నాడు. గేరు వేస్తే సుత్తితో కొట్టినట్టుందన్నాడు. అది సరే, నడుస్తుంటే లోపల ఎక్కడో సన్నగా కూస్తోందన్నాడు. నాలుగుసార్లు షోరూముకి తీసుకెళ్ళాడు. వాళ్ళు ఒక చుట్టు తిప్పి తెచ్చి, ఈ మోడలుకి ఇదే నార్మల్ అండీ అని పంపించేశారు. ఇంట్లో అందరికీ అదొక వేళాకోళమైంది. ఒకరోజు నన్ను పిలిచి, ఒక్కసారి నువ్వు కర్ర పెట్టి విను అని అడిగాడు.

“నాకు చెప్పి కొన్నావా, ఇప్పుడు నాకు చెప్పుకోటానికి?” అన్నాను.

అంతటితో ఊరుకున్నానా, బందరు తీసుకెళ్ళి చెవుల డాక్టరుకి చూపించాను. డాక్టరు చెవులకి డొప్పలు తగిలించి పరీక్ష చేసి, వయసుకి తగ్గట్టే ఉన్నాయమ్మా అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత మోత సంగతి ఇంట్లో ఎత్తలేదు. అయిదు నెలలకి, కార్తీకంలో, చెరువు గట్టు మీద గుండె ఆగి పడిపోయాడు.

మా మరిది కోటేశ్వర్రావు ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపి రిటైరైనవాడు. షెడ్డులో దుమ్ము పట్టిన బండిని చూసి, అమ్మేద్దాం వదినా అన్నాడు. అమ్మేటప్పుడు ఏం చెప్తాం అని అడిగాను. మోత లేదంటే చచ్చిపోయిన మనిషిని అబద్ధాలకోరుని చేసినట్టు. ఉందంటే, నేను వినలేదు. ఆయన చెప్పింది నిజమా, ఆయన చెవులే పోయాయా, అది తేలితేనే నేను దాన్ని గేటు దాటనిస్తానన్నాను. ఆయన ఫోనులో అదే బండి ఉన్నవాళ్ళ నెంబర్లు రెండు దొరికాయి, ఒకరు గుడివాడ, ఒకరు కోడూరు. మన బండి ఎక్కి, వాళ్ళవి కూడా వింటే తేలిపోతుందనుకున్నాను.

పెడన

ఆ బండెక్కటం చెట్టెక్కటమే. చీర కట్టుకుని ఒకవైపు కూర్చోటానికి లేదు. లోపల మా ఆయన పైజమా తొడుక్కుని రెండు వైపులా కాళ్ళేసి కూర్చున్నాను. ఎక్కడాగినా మళ్ళీ ఎక్కటానికి ఒక అరుగో దిమ్మో వెతుక్కోవాలి. మా మరిది పొట్టివాడు, ఆగితే ఒక కాలే నేలకి ఆనుతుంది, అదీ వేళ్ళ మీద.

“వదినా, కదలకు. నువ్వు కదిలితే ఇద్దరం పంటకాలవలో తేలతాం” అన్నాడు ఊరు దాటకముందే.

పెడనలో ఆగాం. గుడివాడ వాళ్ళింటికి చేతులూపుకుంటూ ఎట్టా వెళ్తామని ఒక దుప్పటి తీసుకుందామనుకున్నాను. కలంకారీ అద్దే షెడ్డులోకి వెళ్తే పొడుగాటి బల్ల మీద గుడ్డ పరిచి ఒకాయన చెక్క అచ్చు పెట్టి పిడికిలితో గుద్దుతున్నాడు. పెట్టటం, గుద్దటం, తీయటం. వెనక్కి తిరిగి చూసుకోడు. రంగు సరిగ్గా పడిందో లేదో ఎట్టా తెలుస్తుందండీ అని అడిగాను. చప్పుడులో తెలుస్తుందమ్మా అన్నాడు. రంగు తక్కువైతే చెక్క పొడిగా మోగుద్దంట. మా ఆవిడ నమ్మదు, మా ఓనరు నమ్మడు, గుడ్డ ఆరాక వాళ్ళే చూస్తారు అని తల ఎత్తకుండానే చెప్పాడు. పెద్ద దుప్పటి పదకొండొందలన్నారు, తొమ్మిది వందలకి ఇచ్చారు. మా బందరులో అదే దుప్పటి అద్దాల షాపులో పద్నాలుగు వందలు చెప్తారు.

దారంతా నేను బండినే వింటున్నాను. కటకట ఉంది. గేరు వేసినప్పుడల్లా ఠక్కుమంటోంది. అయితే పక్కనుంచి లారీలు, గాలి, తల మీద ఆ హెల్మెట్టు. సన్న కూత లాంటిది నా చెవికి అందలేదు. మా మరిదిని అడిగితే, బస్సు తోలినవాడికి ఇది వీణ వదినా అన్నాడు.

గుడివాడ

గుడివాడలో మేం వెళ్ళింది ప్రసాదు గారని రైసుమిల్లాయన ఇంటికి. మిల్లు పక్కనే ఇల్లు. అక్కడి మర్యాద మాకంటే ఒక మెట్టు ఎక్కువే. మా వైపు మనిషి రాగానే మంచినీళ్ళిచ్చి ఊరుకుంటాం. వాళ్ళు నీళ్ళు, కాఫీ, దాని వెనక పెసరట్టు ఉప్మా, వద్దన్నకొద్దీ ఇంకొకటి. ఆవిడ దుప్పటి తీసుకుని నా చేతిలో జాకెట్టు గుడ్డ పెట్టింది. మా ఊళ్ళో అయితే భర్త పోయినదానికి జాకెట్టు గుడ్డ పెట్టాలా వద్దా అని గుమ్మం దగ్గర ఒక నిమిషం ఆలోచిస్తారు. ఆవిడ ఆలోచించలేదు.

ప్రసాదు గారి బండి మా దానికి తోబుట్టువే, రంగు వేరు. వరండాలో స్టార్ట్ చేశారు. అదే కటకట. గేరు వేశారు. అదే ఠక్. నాకు గుండెల్లోంచి ఒక బరువు దిగింది. మా ఆయన కల్పించి చెప్పలేదు గదా. మా మరిది మాత్రం, అయితే షోరూమువాడు చెప్పింది నిజమేనన్నమాట, అన్నిటికీ ఇంతే అన్నాడు. ఒకే చప్పుడు విని ఇద్దరం చెరో మాట అనుకున్నాం.

“నాకూ మొదట్లో ఒళ్ళు మండేదమ్మా” అన్నారు ప్రసాదు గారు. “ఇంత పోసి కొన్న బండి పాత డీజిలింజనులా మోగితే ఎవరికి మండదు? ఇప్పుడు హెల్మెట్టులో పాటలు పెట్టుకుని పోతున్నా.”

ఆ బండి కొన్నవాళ్ళంతా ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారంట. ఏ ఊరివాడైనా ఈ మోతల గురించే గోడు. ఒకడి బండి చల్లగా ఉన్నప్పుడు మోగితే, ఇంకొకడిది వేడెక్కాక. సాంబయ్య గారు టైపు చేసేవారు కాదు, మాటలే పంపేవారు, ఆయన మాటలు వింటే మాకందరికీ హుషారు అన్నారు. సాంబయ్య గారి గొంతు వింటారా అని అడిగారు.

నేను కుర్చీ ముందుకి జరుపుకున్నాను. ప్రసాదు గారు ఫోను బల్ల మీద పెట్టి నొక్కారు. మూడు నెలలుగా వినని గొంతు.

“అందరికీ నమస్కారం అండీ, బందరు సాంబయ్యని. కటకటా, ఠకఠకా మీ అందరికీ ఉన్నాయంటున్నారు, ఒప్పుకున్నా. నా దాంట్లో వాటి కింద ఇంకోటుందండీ, సన్నది. మా ఆవిడ కర్ర పెడితే ఏ పన్నో చెప్పేస్తుంది, ఆ చెవి ఎవరికీ రాదు. నేనడిగితే ఆవిడ నన్ను చెవుల డాక్టరుకి చూపించిందండీ. మళ్ళీ అడగటానికి మొహం చెల్లక మిమ్మల్ని అడుగుతున్నా.” చివర్లో నవ్వాడు.

ప్రసాదు గారి భార్య లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చింది. మా మరిది గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. నేను గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఆయన నవ్వకుండా తిట్టి ఉంటే బాగుండేది.

ఘంటసాల దారిలో

రెండో రోజు పామర్రు మీదుగా దిగాం. కోతలైపోయిన చేలల్లో మినుము. పీకుడు మొదలైంది, ఆడవాళ్ళు వరసగా వంగి పీకుతున్నారు. నన్ను చూసి ఒకామె నడుం ఎత్తి, “ఏం పిన్నీ, కాశ్మీరుకా?” అని అడిగింది. కోడూరుకమ్మా అన్నాను. అయితే తొందరగా పోండి, దారిలో మంచు పడుద్దేమో అంది. చేనంతా నవ్వింది. మినుము పీకటానికి కూలి ఎంతిస్తున్నారంటే మా వైపు కంటే యాభై ఎక్కువే చెప్పారు, మధ్యాహ్నం టీ వేరే.

ఘంటసాలలో పాత బౌద్ధుల దిబ్బ ఉంది. చుట్టూ వరిచేలు, మధ్యలో ఇటుకల గుండ్రటి దిబ్బ, ఇనప కంచె. ఎన్ని వందల ఏళ్ళదో బోర్డు మీద రాసుంది, మా మరిది చదివాడు, నాకు గుర్తులేదు. నాకు గుర్తున్నది అక్కడి నిశ్శబ్దం. చెరువుల మీద బతికినదానికి చప్పుడు లేని చోటు తెలీదు. మోత ఆగిందంటే ఏదో కొంప మునిగిందని పరిగెత్తటమే మాకు అలవాటు. అక్కడ కూర్చుంటే మొదట కాళ్ళు లేవబోయాయి.

మా మరిదికి అప్పుడు చెప్పాను, బండి మోత వినకపోయింది నాకు తీరిక లేక కాదని. నన్నడక్కుండా కొన్నాడన్న కోపం. వింటే ఆ కోపం తగ్గిపోతుందేమోనని వినలేదు.

కోటేశ్వర్రావు నోట్లో గడ్డి పరక తీసి పారేశాడు. “నేను మాత్రం ఏం చేశా వదినా. ఎప్పుడు కనపడినా, ఏం అన్నయ్యా, బండి ఇవాళ ఏ రాగం పాడింది అనేవాణ్ణి” అన్నాడు.

పులిగడ్డ

చల్లపల్లి, మోపిదేవి దాటి పులిగడ్డ అక్విడెక్టు దగ్గరికొచ్చేసరికి బండి తేడా చేసింది. అక్విడెక్టంటే ఏటి మీద కాలవ వెళ్ళే వంతెన, దాని మీదుగానే దివిసీమలోకి దారి. ఆ ఎక్కుడులో ఇంజను అరుస్తోంది కానీ బండి లాగటం లేదు. మా మరిది ఆపబోయాడు. ఆనిన ఆ ఒక్క కాలు కంకర మీద జారింది. బండి మెల్లగా, గేదె పడుకున్నట్టు, పక్కకి వాలిపోయింది. నేను దాని మీద నుంచి జారి గడ్డిలో కూర్చున్నాను. దెబ్బలేం తగల్లేదు, చెప్పు ఒకటి తెగింది.

దాన్ని ఇద్దరం ఎత్తలేకపోయాం. చేపల ట్రేలు తీసుకెళ్తున్న ఆటో ఆపి ముగ్గురు దిగారు. తలా ఒక చెయ్యి వేశారు. ఒకాయన చుట్టూ తిరిగి చూసి, ఇదెంత మైలేజీ ఇస్తుందండీ అని అడిగాడు. మా మరిది చెప్పాడు. అయితే మీరు నడిచెళ్ళటమే నయం అని ఆటో ఎక్కాడు.

పక్కనే టీ కొట్టు ఉంది. నడిపే ఆమె నా వయసుదే. టీ పన్నెండు రూపాయలు, మా బందరులో పదిహేను. బిస్కెట్టు అడక్కుండానే పెట్టింది, డబ్బులు తీసుకోలేదు. దెబ్బ తగిలినప్పుడు తీపి తినాలంట, దివిలో అంతే అంది. ఇంజను అరిచి బండి కదలకపోతే క్లచ్చు జారుతున్నట్టేనని మా మరిది తల పట్టుకున్నాడు. ఆయన పోయాక మూడు నెలల్నుంచి కదలని బండి క్లచ్చు ఎట్టా అరుగుతుందో వాడికి అర్థం కాలేదు. నాకసలే కాలేదు. మెల్లగా, ఎక్కుళ్ళు లేని దారిన, అవనిగడ్డ మీదుగా ఈడ్చుకుంటూ కోడూరు చేరాం.

కోడూరు

కోడూరులో ఆ బండి నాగమణిది. ఫోనులో నెంబరు ఆమె పేరు మీదే ఉన్నా, బండి మొగుడిదేమో అనుకున్నాను. నలభై ఏళ్ళ మనిషి, రొయ్యల మేత కొట్టు నడుపుతుంది, చెరువులున్నాయి. గట్ల మీద బురదలో తిరగటానికి ఈ బండే బాగుందని కొనుక్కుందంట. మొగుడు వెనక కూర్చుంటాడు. నడపటం రాదాండీ అని మా మరిది అడిగితే, వచ్చు కానీ ప్రాణం మీద తీపి అన్నాడాయన, వంటింట్లో పీతలు విరుస్తూ. అక్కడ పీతల పులుసులో మామిడికాయ వేస్తారు, మేం చింతపండే వేస్తాం. మామిడికాయ వేసిందే బాగుంది, ఒప్పుకోవాలి.

తిన్నాక నాగమణి మా బండి దగ్గర కూర్చుని నూనె మూత విప్పింది. విప్పగానే ఆమె కంటే ముందు నాకు తెలిసిపోయింది. కుళ్ళిన కోడిగుడ్డు కంపు. ఏరియేటరు గేరు పెట్టెల్లో పోసే చిక్కటి నూనె. ఇరవై ఏళ్ళు ఆయన చొక్కాల్లోంచి ఆ వాసన ఉతికినదాన్ని.

“ఇదెవరు పోశారు పిన్నిగారూ? దీంట్లో ఇంజనుకీ, గేర్లకీ, క్లచ్చుకీ అన్నిటికీ ఒకటే నూనె. ఈ జిడ్డు పోస్తే క్లచ్చు జారకేం చేస్తుంది” అంది.

చెరువు మీద గేరు పెట్టె మోగితే మేం చేసే మొదటి పని అదే, చిక్కటి నూనె పోయటం. మోత అణుగుతుంది. చెవుల డాక్టరు దగ్గర్నుంచి వచ్చిన వారానికేమో, గేరు నూనె డబ్బా ఎక్కడుందని నన్నడిగాడు. మోటారు షెడ్డులో ఉందని నేనే చూపించాను. దేనికని అడగలేదు. షోరూమువాడు వినలా, నేను వినలా, తనకి తెలిసిన మందు తనే పోసుకున్నాడు.

నాగమణి ఇంట్లో తన బండికని పెట్టుకున్న నూనె ఉంది. పాతది దించి, ఫిల్టరు మార్చి, కొత్తది పోసింది. డబ్బులివ్వబోతే మేత కొట్టు లెక్క వేరే, ఇంటికొచ్చినవాళ్ళ లెక్క వేరే అంది.

మూడో రోజు పొద్దున్నే దడిలోంచి ఒక వెదురు కర్ర లాక్కున్నాను. ముందు ఆమె బండి. పెద్ద స్టాండు వేస్తే వెనక చక్రం నేలకి తగలదు, ఒక్కో గేరు వేసి తిప్పొచ్చు. కర్ర కొస గేరు పెట్టెకి ఆనించి రెండో కొస చెవికి పెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. లోపల మోతే, కానీ మోతంతా ఒకే నేత. దాని గొంతే అంత, నా గొంతు బొంగురైనట్టు.

తర్వాత మాది. మొదటి గేరులో అదే. రెండులో అదే. మూడో గేరు వేయమన్నాను.

ఉంది.

అంత మోత కిందా సన్నగా, తిరిగిన ప్రతిసారీ ఒక్కచోట నలిగినట్టు కూత. ఒక పన్ను ఎక్కడో సరిగ్గా కూర్చోలేదు. నాలుగో గేరు వేయించాను, పోయింది. మళ్ళీ మూడు వేయించాను, వచ్చింది. కర్ర తీసేస్తే ఏమీ లేదు, మామూలు కటకటే. ఆయన కర్ర కూడా లేకుండా, రోడ్డు మీద వెళ్తూ, దాన్ని పట్టుకున్నాడు. నూనె పోయకముందే చెప్పాడు, చెవుల డాక్టరుకి చూపించకముందే చెప్పాడు. ఆయన చెవులకేం కాలేదు.

మా మరిదికి కర్ర ఇచ్చాను. విన్నాడు, కళ్ళు మూసుకుని విన్నాడు, ఇంకో చెవి పెట్టి విన్నాడు. నాకు మోతే వినపడుతోంది వదినా, అందులో నువ్వు చెప్పేది పట్టటం లేదన్నాడు. నాగమణి కూడా వింది. లేచి, చీరకి చేతులు తుడుచుకుని నా వైపు చూసింది.

“ఉండొచ్చులెండి పిన్నిగారూ” అంది.

ఎంతో మర్యాదగా, ఎంతో ప్రేమగానే అంది. అయినా నాకు చెంప మీద కొట్టినట్టైంది. అలిగిన మనిషిని ఊరుకోబెట్టే గొంతు అది. అందరూ ఆయనతో మాట్లాడింది ఆ గొంతుతోనే. ఉన్నదాన్ని ఉందని చెప్తుంటే ఎదుటివాళ్ళు జాలిపడటం ఎట్టా ఉంటుందో ఆ పెరట్లో, కర్ర చేతిలో పట్టుకుని, నాకు తెలిసింది.

బండి అమ్మనని అక్కడే చెప్పాను. సోమవారం బెజవాడ వెళ్తాను. నూనె సంగతి కూడా దాచను, మేమే పోశామని చెప్తాను. నార్మల్ అంటే, ఆ మాట చెప్పినవాడి చెవికి కర్ర పెడతాను. వినపడకపోతే ఆ పెట్టె విప్పేదాకా అక్కడే కూర్చుంటాను. నార్మల్ అని పంపిస్తే వెళ్ళిపోయేది ఆయన, నేను కాదు.

తిరుగు దారి

కొత్త నూనెతో బండి చక్కగా లాగింది. అవనిగడ్డలో ఎండు రొయ్యపొట్టు కొనుక్కున్నాను, మా దగ్గర దొరకక కాదు, ఇక్కడిది ఇసక లేకుండా ఉంది. అక్విడెక్టు ఒక్క ఊపులో దాటాం. టీ కొట్టామె చెయ్యి ఊపింది.

చల్లపల్లి దాటాక బందరు దాకా రోడ్డు తిన్నగా ఖాళీగా ఉంటుంది. మా మరిది అయిదో గేరు వేసి ఇక కాలు కదపలేదు. అటూ ఇటూ మినుము చేలు, కొంగలు. బందరు ఇంకా అయిదారు మైళ్ళుందనగా కొబ్బరి బొండాలవాడి దగ్గర ఆపాడు. నలభై రూపాయలన్నాడు, లేతవే. వాడు కాయ చెక్కుతుంటే కోటేశ్వర్రావు హెల్మెట్టు తీసి, దాన్ని చేతుల్లో తిప్పుతూ, నా మొహం చూడకుండా అన్నాడు.

“వదినా. ఇందాక వస్తుంటే నాకూ వినపడింది.”

“ఏంటి?”

“అదే. సన్నగా. అన్నయ్య చెప్పినట్టే ఉంది.”

చల్లపల్లి నుంచి బండి అయిదో గేరు దిగలేదు. ఆ కూత ఉన్నది మూడులో. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపినవాడికి తను ఏ గేరులో వచ్చాడో తెలీదా. నాకు తెలీదనుకున్నాడు. ఎక్కడ వినపడిందయ్యా అని ఒక్క మాట అడిగితే దొరికిపోతాడు.

వినపడిందని ఇట్టాంటి అబద్ధం నేను ఒక్కసారి ఆయనకి చెప్పి ఉంటే ఆయనా ఇట్టాగే పట్టేసేవాడు. పట్టేసి, నన్ను నిలదీయకుండా, ఆ రోజు బస్సులో నా వైపు తిరిగి కూర్చునేవాడేమో.

బొండాం తాగి, ఎక్కటానికి దిమ్మేదైనా ఉందా అని చూశాను. లేదు. మా మరిది బండిని రోడ్డు వారగా తీసుకొచ్చి, పక్కకి వంచి, పడిపోకుండా రెండు చేతులతో బిగించి పట్టుకున్నాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి ఎక్కాను.

“ఔను, నాకూ వినపడింది” అన్నాను. “పద.”